సాయిబు పెట్టించిన ఒట్టు

(‘నెత్తురు యాది’ – పద్నాలుగో భాగం)

పోయిన వారం జానీ మియాను మొగిలమ్మ వాకిట్లో, వానలో, గొడుగైనా లేకుండా నిలబెట్టి మనం ఎవరి ఇళ్లకు వాళ్లం పోయాం. పాపం, తడిసి ముద్దయి ఇంకా అక్కడే ఉన్నాడు. ఎందుకొచ్చాడో మరిచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి అతన్ని లోపలికి పంపిస్తాను.

నర్సక్కపల్లె సర్కారు దవాఖానలో జానీ మియా కాంపౌండరు. ఈ వానాకాలం మొదట్లో, నాట్లమడిలో మొగిలమ్మ కొడుకు సారయ్యను నాగుపాము కరిచింది. డాక్టరు ఆరోజు వరంగల్‌లో మీటింగులో ఉన్నాడు. మంచం మీద మోసుకొచ్చేసరికి సారయ్య కనురెప్పలు వాలిపోయాయి, నాలుక మొద్దుబారింది. జానీ మియా మందు సీసా విరుస్తూ మొగిలమ్మను ఒక్క మాట అడిగాడు. సారయ్యకు ఇంతకుముందెప్పుడైనా ఈ సూది ఇచ్చారా అని. ఆమె లేదంది. అతను సూది ఇచ్చాడు. మందు సగం ఎక్కిందో లేదో సారయ్య ఒంటినిండా దద్దుర్లు లేచాయి, గొంతు పూడుకుపోయింది, అందరూ చూస్తుండగానే ప్రాణం పోయింది. పాము కరిచి చచ్చినవాళ్లను ఆ ఊరు చాలామందిని చూసింది. సూది ఒంట్లో ఉండగానే చచ్చినవాణ్ని చూడడం అదే మొదలు. సారయ్య పెళ్లాం చిలుకమ్మ దవాఖాన గడప మీదే జానీ మియా కాలర్ పట్టుకుంది. ఆ తర్వాత అర్జీ, ఆ తర్వాత సస్పెన్షన్. సోమవారం జిల్లా నుంచి పెద్ద సార్లు ఎంక్వైరీకి వస్తున్నారు.

ఇంతలో బోదకాళ్ల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ రాజేశ్వర్ రావు కబురు పెట్టాడు. పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయనే జానీ మియాను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ప్రతి మనిషి వేలి నుంచి నెత్తుటి చుక్క అద్దుడు కాగితం మీదికి పట్టించుకుని హైదరాబాదు ల్యాబుకు పంపాడు. మనిషి ఒంటికి ఒక గుణముంది. ఒకసారి తన మీద పడ్డ శత్రువును అది మరిచిపోదు. వాణ్ని గుర్తుపట్టే కావలివాళ్లను నెత్తుట్లో పెట్టుకుంటుంది. యాంటీబాడీలంటారు వాటిని. బోదకాళ్ల పురుగును ఎవరి నెత్తురు గుర్తుపడుతుందో చూడబోయిన డాక్టరు, ఈ ఊళ్లో పాముకాట్లు ఎక్కువ కదా అని పనిలో పనిగా పాము విషాన్ని కూడా పెట్టి చూశాడు. సారయ్య నెత్తురు, అతను చనిపోవడానికి ఏడాది ముందు తీసిన నెత్తురు, నాగుపాము విషాన్ని గుర్తుపట్టింది. గుర్రాన్ని కూడా గుర్తుపట్టింది.

గుర్రమెందుకంటే, పాము మందు గుర్రం నెత్తుట్లోంచి తీసేదే. మొదటిసారి అది ప్రాణం నిలబెడుతుంది. కొందరి ఒంట్లో రెండోసారికి ఆ మందే శత్రువైపోతుంది. ముందే తెలిస్తే మందును సెలైన్లో కలిపి బొట్టుబొట్టుగా ఎక్కిస్తారు, విరుగుడు సూది పక్కనే పెట్టుకుంటారు. తెలియకపోతే సారయ్యకు జరిగిందే జరుగుతుంది.

“వీడికి ఇదివరకే నాగుపాము కరిచింది, ఇదివరకే సూది ఇచ్చారు. తల్లికి తెలియకుండా ఉండదు జానీ,” అన్నాడు డాక్టరు. “ఈ పరీక్ష కొత్తది, నా మాట కమిటీ ఎంతవరకు వింటుందో చెప్పలేను. ఆ తల్లి వచ్చి నోటితో చెప్తే మాత్రం నీ ఉద్యోగం నీకుంటుంది. నీ పేరు నీకుంటుంది.”

అందుకొచ్చాడు. ఇక లోపలికి పోదాం.

“వాన్ల ఎందుకు నిలబడ్డవు కొడుకా? లోపటికి రా,” అంది మొగిలమ్మ.

ఆ పిలుపుకే జానీ మియాకు సగం ధైర్యం పోయింది. తిడుతుందనుకుని తిట్లకు సిద్ధమై వచ్చాడు. ఊరంతా దుమ్మెత్తిపోసినా ఈమె మాత్రం ఇన్నాళ్లూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. పంచాయతీలో చిలుకమ్మ శాపనార్థాలు పెడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తల్లి మనసు పెద్దదన్నారు జనం. జానీ మియా కూడా అలాగే అనుకుని, చాటుగా ఆమెకు దండం పెట్టుకున్నాడు.

వసారాలో ఆమె మంచానికి నులక విప్పుతోంది. సారయ్యను దవాఖానకు మోసుకొచ్చింది ఆ మంచం మీదే, తిరిగి తీసుకుపోయిందీ దాని మీదే. విప్పిన నులకను ఉండగా చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

“ఇగ దీని మీద ఎవలు పంటరు? కోళ్లు సుత ఎక్కుతలేవు,” అంది. “చిలుక నాటుకు పోయింది. అది ఉంటే నిన్ను వాకిట్లకు రానియ్యకపోవు. చెప్పు, ఎందుకొచ్చినవు?”

జానీ మియా గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు. ఆమె సొంత పిన్ని కాదు, మతమూ ఒకటి కాదు. అయినా పుట్టిన దగ్గర నుంచీ చిన్నమ్మా అనే పిలిచాడు. తల్లిలేని పిల్లవాడని చిన్నప్పుడు ఆమె పెట్టిన జొన్నరొట్టె ఎన్నిసార్లు తిన్నాడో.

“చిన్నమ్మా, ఒక ముచ్చట అడుగుత. కోపం చెయ్యకు.”

“నీ మీద నాకేం కోపం బిడ్డా.”

“ఆ దినం దవాఖాన్ల నిన్ను అడిగిన. సారయ్యకు ఇంతకుముందు ఈ సూది ఇచ్చిన్రా అని. యాదికున్నదా?”

నులక తిప్పుతున్న చెయ్యి ఆగింది.

“లేదన్నవు.”

“అన్న.”

“నిజమేనా?”

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. మొగిలమ్మ వాకిలి వైపు చూసింది, పక్కింటి గోడ వైపు చూసింది, ఆఖరికి అతని ముఖంలోకి చూసింది.

“నిన్ను సాయిబు పంపిండా?” అంది నెమ్మదిగా.

జానీ మియాకు అర్థం కాలేదు. ఊళ్లో సాయిబు అంటే ఒక్కడే. తన తండ్రి ఫకీర్ మహమ్మద్. చుట్టుపట్ల ఎవరికి పురుగు ముట్టినా, అంటే పాము కరిచినా, ముందు ఆయన అరుగు మీదికే తెస్తారు. తాయెత్తు కడతాడు, మంత్రం వేస్తాడు. కొడుకు కాంపౌండరు చదువు చదివొచ్చిన నాటి నుంచి ఆ తాయెత్తుల మీద తండ్రీకొడుకులకు పడదు. ఒక్క కప్పు కింద రెండు దవాఖానలు నడుస్తున్నాయని ఊరు నవ్వుకుంటుంది.

“అబ్బా ఎందుకు పంపుతడు? అబ్బకేం సంబంధం?”

“నేను ఒట్టు మీద నిలబడ్డనో లేదో అరుసుకొని రమ్మన్నడేమో అనుకున్న.”

“ఏం ఒట్టు చిన్నమ్మా?”

ఆమె ఒళ్లోని నులక ఉండను పక్కన పెట్టింది.

“ఇగ దాస్తే ఏమొస్తది. ఎవని పానం కోసం దాసిన్నో వాడే పాయె.”

అలా మొదలుపెట్టి చెప్పింది. సారయ్యకు అప్పుడు మూతి మీద నూనూగు మీసం కూడా రాలేదు. కందిచేన్లో పురుగు ముట్టింది. ఊళ్లో అప్పటికి దవాఖాన లేదు. సాయిబు అరుగు మీద పడుకోబెట్టారు. సాయిబు తాయెత్తు కట్టాడు, వేపరెమ్మలతో దిగదుడిచాడు, మంత్రం వేశాడు. పొద్దుగూకినా పిల్లవాడు కన్ను తెరవలేదు.

“గప్పుడు మీ నాయిన అందర్నీ ఎల్లగొట్టిండు. మంత్రం పారాలంటే తల్లి తప్ప ఇంకెవలూ ఉండద్దు, గల్లీల సుత నిలబడద్దు అన్నడు. అందరు పోయిన్రు. పోంగనే మంత్రం ఆపిండు జానీ. ఆపి, నా కొడుకును భుజం మీద ఏసుకొని దొడ్డితొవ్వన ఉరికిండు. ఎనుక నేను. సడక్ మీద లారీకి అడ్డంబడి ఆపిండు. హన్మకొండల ఒక ముసలి డాక్టరు, మిల్ట్రీల చేసొచ్చినాయనట. మీ నాయినను చూడంగనే ఒక్క మాట సుత అడుగకుంట సూది తీసిండు. అంతకుముందు ఎంతమందిని తెచ్చిండో ఏమో. తెల్లారేసరికి మల్ల మీ అరుగు మీద ఉన్నం. పొద్దు పొడువంగ నా కొడుకు కన్ను తెరిచి, అమ్మా దూపైతాంది అన్నడు.”

ఊరు ఊరంతా వచ్చి సాయిబు కాళ్లు మొక్కింది. సారయ్య కూడా మొక్కాడు. తనకు సూది ఇచ్చిన సంగతి వాడికీ తెలియదు. చిన్నప్పుడు సారయ్య పాము కరిచి బతికాడని జానీ మియాకూ తెలుసు, అది విషం లేనిదనుకున్నాడు ఇన్నాళ్లూ.

“జనం పోయినంక మీ నాయిన నన్ను దొడ్లెకు పిలిచిండు. నా చెయ్యి తీసి వాని నెత్తి మీద పెట్టిండు. సూది ముచ్చట ఎవలకు చెప్పినా, వానికి చెప్పినా, కట్టిన తాయెత్తు తెగుతది, వాని పానం నీ నాలుక మీద ఉన్నది మొగిలమ్మా అన్నడు. ఒట్టు పెట్టిన. వాని మీదనే పెట్టిన.”

జానీ మియాకు గోడ కాస్త కదిలినట్టనిపించింది. జీవితమంతా తండ్రితో తగువు పడ్డాడు. మంత్రాలకు చింతకాయలు రాలవు అబ్బా, జనాన్ని చంపకు అని ఎన్నిసార్లు అరిచాడో. ముసలాయన ఎదురు చెప్పేవాడు కాదు, గడ్డం దువ్వుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు మొండితనం అనుకున్నాడు.

“గందుకే ఆ దినం లేదన్నవా?” అన్నాడు.

“గందుకే. గని పూర్తిగ అనలేకపోయిన.” మొగిలమ్మ ముందుకు వంగింది. ఆ ముఖంలో ఇన్నాళ్లూ ఊరు చూసిన పెద్దమనసు కాదు, భయం ఉంది. “నువ్వు అడిగినవు చూడు, నాకు నోటిదాక వచ్చింది జానీ. ఔను, ఇచ్చిన్రు అని సగం నాలుక మీదికొచ్చింది. మింగిన. గని మనసులనైతే అన్న. మనసుల అన్నా అన్నట్టే గదా? తాయెత్తు తెగింది. వాడు పోయిండు. నువ్వేం జేస్తివి, సూది గుచ్చినవు. చంపింది నేను. ఊరంత నిన్ను తిడ్తాంటే నోరు మూసుకొని కూసున్న. అది నా మంచితనమట. ఏం మంచితనం! నా బతుకు మీద మన్నువడ.”

చదివే మీకు అర్థమయ్యే ఉంటుంది. జానీ మియాకు అర్థమైంది. మాట దాటబోయినందుకు కొడుకు పోయాడని ఈ తల్లి కుమిలిపోతోంది. నిజానికి వాడు పోయింది మాట దాటనందుకు. నోటిదాకా వచ్చిన ఆ సగం మాట బయటపడి ఉంటే సారయ్య ఈపాటికి ఏ మడి గట్టు మీదో కూర్చుని బీడీ వెలిగించుకుంటూ ఉండేవాడు.

తోవ పొడుగునా జానీ మియా ఒక మాట నేర్చుకుని వచ్చాడు. ‘చిన్నమ్మా, నువ్వు నిజం చెప్తే నేను నిలబడతా, సోమవారం వచ్చి చెప్పు’ అని. ఆ మాట ఇప్పుడు అంటే ఈమె వస్తుంది, చెప్తుంది కూడా. ఎందుకు చెప్పమన్నాడో ఆ సార్లు ఆమె ముందే విడమర్చి మాట్లాడతారు. నువ్వు అప్పుడే చెప్పి ఉంటే నీ కొడుకు బతికేవాడమ్మా అని ఎవడో ఒకడు అననే అంటాడు. చదువుకున్నవాడి నోరు ఆగదు.

“లేదు చిన్నమ్మా,” అన్నాడు. “మనసుల అనుకున్నందుకు ఎవలూ చావరు. నీ ఒట్టుకు, సారయ్య పోయినదానికి సంబంధం లేదు. నా మాట నమ్ము.”

“మరెందుకు పోయిండు?”

ఎంత చిన్న ప్రశ్న! దానికి మూడు జవాబులున్నాయి. నీ వల్ల అనొచ్చు. మా నాయన వల్ల అనొచ్చు. జానీ మియా మూడోది ఎంచుకున్నాడు.

“నా వల్ల,” అన్నాడు. “జల్ది చేసిన. ముందుగాల తోలు కింద చుక్క వేసి చూడాలె. చూడలే. నిదానంగ ఎక్కియ్యాలె. రెప్పలు పడిపోతాంటే భయమై ఒక్కసారే ఎక్కిచ్చిన. తప్పు నాదే చిన్నమ్మా.”

ఇందులో పూర్తి అబద్ధం ఏదీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. చుక్క వేసి చూడని మాట నిజం. ప్రాణం పోయేలా ఉన్నవాడి దగ్గర ఏ కాంపౌండరూ చూడడు. అయినా ఆ నిజం ఇన్ని రోజుల నుంచీ అతని గుండెలో ముల్లులా ఉండనే ఉంది. ఆ ముల్లునే తీసి ఆమె చేతిలో పెట్టాడు. వీడెంత వెర్రివాడని సంపాదకుడికి ఉత్తరాలు రాసేవాళ్లు రాసుకోండి, నేనేమీ అనుకోను. ఆ వసారాలో ఆ ముఖానికి ఎదురుగా కూర్చున్నది మీరు కాదు.

మొగిలమ్మ అతన్ని అలాగే చూసింది.

“నిజంగనా? నా మీద లేదా?”

“లేదు.”

“వాని మీద ఒట్టెయ్యి.”

“సారయ్య మీద ఒట్టు.”

అప్పుడు ఏడ్చింది. కొడుకు శవం మీద పడి కూడా ఆమె గొంతెత్తి ఏడవలేదు. చంపినదానికి ఏడ్చే హక్కెక్కడిదని లోపలే అణుచుకుంది కాబోలు. ఇప్పుడు ఆ దుఃఖమంతా ఒక్కసారి తెగింది. “ఓ కొడుకా, ఓ నా సారయ్యా” అంటూ నులక లేని మంచం పట్టెను పట్టుకుని, వాడి చిన్నతనం నుంచి తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. జానీ మియా కూడా ఏడ్చాడు. సారయ్య అతనికీ తమ్ముడే. చెరువులో ఈత నేర్పింది అతనే.

ఏడ్చి ఏడ్చి ఆమె లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది. అతని వైపు చూసిన చూపులో ఇందాకటి భయం లేదు.

“ఒక్కడు గదరా నాకు,” అంది. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఆమె ‘రా’ అనడం అదే మొదలు. “జర నిదానంగ గుచ్చితే నీ సొమ్మేం పోతుండెరా? ఇన్నొద్దులు నా కండ్లముందు తిరుగుకుంట, చిన్నమ్మా చిన్నమ్మా అనుకుంట, కడుపుల పెట్టుకొని ఉన్నవా? నేను పెట్టిన రొట్టె తిన్న నోరేనారా అది?”

నులక ఉండ తీసి విసిరింది. అది అతని రొమ్ముకు తగిలి, వాకిట్లోకి దొర్లి, బురదలో విడివడింది.

“సోమవారం నేను సుత వస్త. నీ నోటితోటి ఒప్పుకున్నవని పెద్దసార్ల ముంగట చెప్త. నీ కొలువు పోవాలె. నువ్వు జైలుకు పోవాలె. పో నా వాకిట్లకెల్లి!”

“చెప్పు చిన్నమ్మా,” అన్నాడు జానీ మియా. బయటికి నడిచాడు.

వాన వెలిసింది. మొగిలమ్మ ఇంటికీ సాయిబు ఇంటికీ మధ్య ఒక గల్లీ మలుపు, అంతే. అయినా ఆ మలుపు దాటడానికి జానీ మియాకు చాలాసేపు పట్టింది. ఉద్యోగం పోతుందన్న బాధ ఇంకా అతన్ని పట్టుకోలేదు. తండ్రి ముఖం ఎలా చూడాలన్నదే అతని బాధ.

ఫకీర్ మహమ్మద్ అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లకూ పూలు కమ్మి మనిషిని పోల్చుకోలేడు, అడుగుల చప్పుడుతోనే గుర్తుపడతాడు.

“మొగిలమ్మ నోరిప్పినట్టున్నది,” అన్నాడు. “ఆమె ఏడుపు ఇన్న. ఇగ ఒట్టుతోటి పనేమున్నది.”

“ఎందుకు చేసినవు అబ్బా?” అన్నాడు జానీ మియా. “సూది పనిచేస్తదని నీకు నాకంటె ముందుగాల్నే ఎర్క. మరి ఈ తాయెత్తులెందుకు? ఈ ఒట్లెందుకు?”

ముసలాయన గడ్డం దువ్వుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

“మీ అమ్మను పురుగు ముట్టిననాడు నువ్వు పాలు తాగేటోనివి. పొద్దంత మంత్రమేసిన. నా చేతుల్లనే పోయింది హుసేన్‌బీ. మంత్రగాని ఇంటోళ్లకు వాని మంత్రం పారదని ఊరు నన్ను ఊకుంచింది. ఇంటోళ్లకే కాదు, ఎవ్వలకూ పారదని గప్పుడే నాకు సమజైంది బేటా. విషం లేని పురుగు కరిచినోడు తాయెత్తు కట్టినా బతుకుతడు, కట్టకున్నా బతుకుతడు. విషమున్నది కరిస్తే సూదే.”

“సమజైనంక మానెయ్యకపోయినవా?”

“మానేస్తే? వాళ్లు దవాఖానకు పోయేటోళ్లనా? ఆ రోజులల్ల సూదంటే ఊరు ఊరే జంగల్ల పడి ఉరికేది. నా అరుగు మీదికైతే వస్తరు. వచ్చినోన్ని నేను దాటిస్త. సూదితోటి బతికిండని ఎర్కైతే రేపటికెల్లి నా అరుగు ఎక్కరు. సూదికాడికి సుత పోరు. ఇండ్లల్లనే సస్తరు. గందుకే ఒట్టు. నా పేరు కోసం సుత కొంచెం అనుకో. మనిషిని గదా.”

“ఆ ఒట్టే సారయ్యను చంపింది.”

ముసలాయన చెయ్యి గాలిలో కొడుకును వెతికింది. దొరకలేదు. జానీ మియా రెండడుగులు దూరంగానే నిలబడ్డాడు. ఆ చెయ్యి అందుకోవాలని ఉంది, అందుకోవడానికి మనసొప్పలేదు.

“రెండోసారికి అదే పానం తీస్తదని నాకేమెర్క? చెప్పినోడెవడు?” అన్నాడు ముసలాయన. “నీ దవాఖాన వచ్చినంక నేను ఎవ్వల్నీ తీస్కపోలే. తాయెత్తు కట్టి నీకాడికే తోలుతాన. ముందటోళ్ల ముచ్చటే నేను మరిచిపోయిన.”

“ముందటోళ్లు ఎంతమంది?”

“లెక్క పెట్టలే బేటా. పోయినోళ్లు పోంగ, బతికున్నోళ్లు మస్తుమంది ఉంటరు. అందరు ఒట్టు మీదనే ఉన్నరు.”

జానీ మియా ఆ మాట లోతు కొలుచుకునే లోపే గల్లీ మొదట్లో బండి చప్పుడు వినిపించింది. నాట్ల కాలంలో ఆ చప్పుడు ఆ ఇంటికి కొత్త కాదు. బండి వెనక జనం పరిగెత్తుతూ వస్తున్నారు. బండిలో గడ్డి మీద రాయమల్లు పడి ఉన్నాడు, కాలికి బురద, బురద కింద నెత్తురు. భార్య సమ్మమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని గాలి విసురుతోంది.

“సాయిబూ, గట్టు మీద నాగన్న ముట్టిండు! జర తాయెత్తు కట్టు, నీ కాల్మొక్త!”

జానీ మియా బండి ఎక్కి రాయమల్లు కనురెప్పలు ఎత్తి చూశాడు. వదలగానే అవి మూతపడ్డాయి. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది, మాట రావడం లేదు. సారయ్య సరిగ్గా ఇలాగే ఉన్నాడు. దవాఖానలో ఇప్పుడున్నది రామలింగం, వరంగల్ నుంచి తన బదులు వచ్చిన కాంపౌండరు. మంచివాడే. రాగానే సూది పొడుస్తాడు. చెప్పేవాళ్లు చెప్పకపోతే అతనికి మాత్రం ఏం తెలుస్తుంది?

“సమ్మక్కా, ఇటు చూడు,” అన్నాడు. “నిజం చెప్పు. రాయమల్లన్నకు ఇంతకుముందెప్పుడన్న సూది ఇచ్చిన్రా?”

సమ్మమ్మ ఇటు చూడలేదు. అరుగు మీద కూర్చున్న గుడ్డి ముసలాయన ముఖం వైపు చూసింది. మొగుడి తల మీద చెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది.

“లేదు,” అంది.

ఫకీర్ మహమ్మద్ పెదవులు కదిలాయి కానీ ఆ గోలలో ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. తాయెత్తు కట్టమని కొందరు, దవాఖానకు తోలమని కొందరు అరుస్తున్నారు. బండివాడు ఎద్దులను అదిలించాడు.

జానీ మియా తలెత్తి చూశాడు. గల్లీ మలుపులో, జనం మధ్య, ఏడ్చి ఉబ్బిన ముఖంతో మొగిలమ్మ నిలబడి ఉంది. తను ఇప్పుడు చెప్పే ప్రతి మాటా ఆమెకు వినపడుతుంది.

“బండి ఆపున్రి,” అన్నాడు. ఎవరూ ఆపలేదు. ఎద్దుల పగ్గం పట్టుకుని, ఊరంతా తన వైపు తిరిగేలా అరిచాడు. “ఆపున్రి! ఆమె అబద్ధం చెప్తాంది. సారయ్య ఎందుకు పోయిండో చెప్త, ఇనున్రి.”